గన్నేరు పేరుతో నాలుగు మొక్కలు: పూజకు కోసే ముందు గుర్తుపట్టండి

వినాయక చవితి వీడియోలో ఇరవై ఒక్క పత్రి గురించి చెబుతూ, కరవీర పత్రం అంటే గన్నేరు ఆకు అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. అది చాలదని మా ఇంట్లోనే తెలిసొచ్చింది.

మొన్న సోమవారం బాల్కనీ కుండీలో గులాబీ రంగు గన్నేరు పూసింది. అందంగా ఉంటుంది కదా అని ఒక పువ్వు తీర్థం గిన్నెలో తులసి దళం పక్కన వేశాను. అక్క కూతురు అప్పటికే చెయ్యి చాచి నిలబడింది. మా అమ్మమ్మ చూసి గిన్నె లాగేసుకుంది. "స్వామి పాదాల దగ్గర పెట్టు, తాగే నీళ్ళలో వెయ్యకే!" అంది.

అమ్మమ్మ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నిట్లోనూ గుండె మీద పనిచేసే విషం ఉంటుంది. ఎండబెట్టినా, ఉడికించినా పోదు. 2024 మే నెలలో కేరళలోని తిరువితాంకూరు దేవస్వం బోర్డు తన గుళ్ళలో నైవేద్యానికీ ప్రసాదానికీ అరళి పువ్వు వాడకూడదని నిర్ణయించింది. అరళి అంటే మన గన్నేరే.

మరి గుర్తుపట్టడం ఎలా? పువ్వు రంగు చూసి కాదు, ముందు ఆకు చూడండి. అసలు గన్నేరుకి సన్నగా, పొడుగ్గా, తోలులా మందంగా ఉండే ఆకులు ఒక్కో కణుపు దగ్గర మామూలుగా మూడేసి వస్తాయి. పువ్వు తెలుపు, గులాబీ లేదా ఎరుపు. గొంతు దగ్గర చిన్న కుచ్చులా ఉంటుంది. పచ్చగన్నేరు వేరే మొక్క. ఆకులు ఇంకా సన్నగా, మెరుస్తూ, కొమ్మ చుట్టూ మెలికగా ఒక్కొక్కటే వస్తాయి. పువ్వు పసుపు గంటలా ఉంటుంది, తుంచితే పాలు కారతాయి. దాని కాయలోని గింజ మరీ ప్రమాదం. పిల్లలు ఆడుకునే చోట ఈ మొక్క వద్దనే నేనంటాను.

దేవగన్నేరు చిన్న చెట్టు. లావు కొమ్మల చివర పెద్ద ఆకులు గుత్తిగా ఉంటాయి, పువ్వు మంచి వాసన. బిళ్ళగన్నేరు మోకాలెత్తు మొక్క. దాన్నుంచి క్యాన్సర్ మందులు తీస్తారన్నది నిజమే, కానీ షుగర్‌కి మంచిదని ఆకులు నమిలేవాళ్ళని చూస్తే భయమేస్తుంది. దయచేసి వద్దు.

ఇన్ని చెప్పాక కూడా అసలు గన్నేరు పెంచమనే చెబుతాను, ఎందుకంటే అపార్ట్‌మెంట్ ఎండకి ఇంత ఓపిగ్గా తట్టుకునే పూజ పువ్వు తక్కువ. జానెడు కొమ్మ, మరీ లేతదీ మరీ ముదురుదీ కాకుండా తీసుకోండి. కింది ఆకులు తీసేసి తడి ఇసుకలో గుచ్చితే మూడు నాలుగు వారాల్లో వేర్లు వస్తాయి. తర్వాత అడుగున చిల్లులున్న పెద్ద కుండీలోకి మార్చండి. రోజుకి ఆరు గంటల ఎండ తగలాలి. పైమట్టి ఆరాకే నీళ్ళు. నీడలో పెట్టి పూయట్లేదంటే లాభం లేదండీ! లేత చివర్లలో పసుపు రంగు పేనుబంక పడితే వేపనూనె కొట్టండి. పూత అయ్యాక కత్తిరిస్తే కొత్త కొమ్మలకి మళ్ళీ పూలొస్తాయి.

కత్తిరించేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ కొమ్మలు కాల్చకండి, పొగ కూడా మంచిది కాదు. చవితి రోజు కరవీర పత్రం ఉండ్రాళ్ళ పళ్ళెంలో పడకుండా విడిగా పెట్టుకోండి. పూజయ్యాక నిర్మాల్యం ఆవులకీ మేకలకీ వెయ్యొద్దు, వాటికీ ఇది విషమే.

ఎవరైనా పొరపాటున నమిలితే వాంతులు, కడుపునొప్పి, కళ్ళు తిరగడం, గుండె లయ తప్పడం కనిపించొచ్చు. అవి కనిపించేదాకా ఆగొద్దు, ఇంటి వైద్యం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ మొక్క ఫోటో ఒకటి ఫోన్‌లో తీసుకుని వెళ్తే డాక్టరుకి పని తేలిక.

వచ్చే వారం నందివర్ధనం గురించి మాట్లాడుకుందాం.