ఆగిన వాహనం - కారణాన్వేషణ

కొండపై పొగను చూచి అక్కడ నిప్పు ఉన్నదని నిశ్చయించడం అనుమాన ప్రమాణమని మన తార్కికులు చెప్పారు. అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లోనూ ఈ ఉదాహరణమే కనిపిస్తుంది. అయితే ఒకే కార్యానికి పలు కారణాలు ఉండే అవకాశం ఉన్నప్పుడు తొందరపాటు తగదు. ఒక్కొక్క కారణాన్ని పరీక్షించి, కానిదానిని త్రోసిపుచ్చుతూ పోవాలి. నడిరోడ్డుపై ఆగిన కారు ఈ పద్ధతిని చక్కగా బోధిస్తుంది.

ఇంజెక్షన్ విధానంలో పనిచేసే పెట్రోలు కార్లలో ఇంధనపు పంపు సాధారణంగా ట్యాంకులోనే మునిగి ఉంటుంది. అది బ్యాటరీ విద్యుత్తుతో తిరిగే చిన్న మోటారు. తాళం త్రిప్పగానే పెక్కు కార్లలో రిలే అనే విద్యుత్ మీట కలిసి, పంపు సుమారు 2 సెకండ్లు నడిచి ఆగుతుంది. ఇంజను తిరుగుతున్నదన్న సంకేతం అందిన పిదపనే మరల నడుస్తుంది. ప్రమాదంలో ఇంజను ఆగిపోతే పెట్రోలు ప్రవహించకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చిన తరువాత ద్విచక్ర వాహనాలలోనూ ఇంజెక్షన్ విధానం విస్తరించింది.

తాళం త్రిప్పినప్పుడు పంపు సన్నని ధ్వని వినిపించకపోతే, పంపే చెడినదని పలువురు భావిస్తారు. పంపు ఖరీదైనది, ఫ్యూజు అతి చౌక. కనుక పరీక్ష ఫ్యూజుతో మొదలు కావాలి. అది మాడి ఉంటే అదే సామర్థ్యం గల మరొకటి వేయాలి. అదీ మాడితే, తీగ ఎక్కడో ఒరిసి రేకును తాకుతూ ఉండవచ్చు. పంపే అధిక విద్యుత్తును లాగుతూ ఉండవచ్చు. అంతకన్నా పెద్ద ఫ్యూజు వేయడం కావలివానిని నిద్రపుచ్చడమే. అప్పుడు మాడేది తీగ! ఫ్యూజు బాగుంటే, అదే రకపు మరొక రిలేను మార్చి చూడాలి.

ఇవి రెండూ సరిగా ఉన్నా పంపు కదలకపోతే తీగలను పరీక్షించాలి. ఇక్కడ మీటరు కూడా మోసగించగలదు. పంపు తొడుగును ఊడదీసి కొలిచినప్పుడు 12 వోల్టులు కనిపించవచ్చు. తుప్పు పట్టిన సంధిలో 0.5 ఓము నిరోధం ఉన్నదనుకొందాం. ప్రవాహం లేనప్పుడు అక్కడ నష్టమూ లేదు. పంపు తగిలించి, 5 ఆంపియర్లు ప్రవహించినప్పుడు ఓము సూత్రం ప్రకారం 2.5 వోల్టులు ఆ సంధిలోనే పోతాయి. పంపుకు మిగిలేది 9.5 వోల్టులు మాత్రమే. కాబట్టి భారం ఉన్నప్పుడే కొలవాలి. బ్యాటరీ నుండి వచ్చే తీగతోపాటు ఎర్త్ తీగనూ పరీక్షించాలి. పంపు వద్ద తగిన వోల్టేజి, సరియైన ఎర్త్ రెండూ ఉండి కూడా పంపు తిరగకపోతే, అప్పుడే దోషం పంపుది.

పెట్రోలు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. ట్యాంకును విప్పే ముందు బ్యాటరీ ఋణ ధ్రువపు తీగను తొలగించాలి. దగ్గర మంట ఉండరాదు. సందేహం కలిగితే నిపుణునికి అప్పగించడమే వివేకం.

విశ్రాంతిలో నిండుగా కనిపించినది భారం పడినప్పుడు లోటును బయటపెడుతుంది. నిందను మోపడానికి ముందు నిదానించి పరీక్షించడం యంత్రాల విషయంలోనే కాదు, మనుష్యుల విషయంలోనూ న్యాయం.

కఠిన పదాలు - అర్థాలు
అన్వేషణ = వెదకుట
సంధి = కలయిక, అతుకు
నిరోధం = అడ్డగింత

ప్రశ్నలు
1. పెద్ద ఫ్యూజు వేయడం ఎందుకు ప్రమాదకరం?
2. భారం ఉన్నప్పుడే వోల్టేజిని ఎందుకు కొలవాలి? సోదాహరణంగా వివరించండి.