పరాయి భాష నేర్చినవారికి పట్టం

లెక్కల్లో, భౌతికశాస్త్రంలో మనం రోజూ రాసే గ్రీకు అక్షరాలే ఆల్ఫా, మ్యూ, గామా. అమెరికాలో ఈ మూడక్షరాలు కలిపితే ఒక సంఘం పేరు. చదువులో ముందున్న విద్యార్థులను సభ్యులుగా చేర్చుకుని గౌరవించే సంఘాలు అక్కడి కళాశాలల్లో ఉంటాయి. గ్రీకు అక్షరాలతో పేరు పెట్టే ఆనవాయితీ 1776లో పుట్టిన ఫై బీటా కప్పాతో వచ్చింది. ఆల్ఫా మ్యూ గామా మాత్రం విదేశీ భాషలు నేర్చేవారి కోసం ఏర్పడింది.

ఎందుకు పుట్టింది?

మొదటి ప్రపంచయుద్ధంతో అమెరికాలో జర్మన్ భాషపై ద్వేషం పెరిగింది. ఎనిమిదో తరగతి పూర్తిచేయని పిల్లలకు పరభాషలు నేర్పరాదని 1919లో నెబ్రాస్కా రాష్ట్రం చట్టం చేసింది. జర్మన్ చదవడం నేర్పినందుకు రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయునికి 25 డాలర్ల జరిమానా పడింది. ఆ చట్టం చెల్లదని 1923లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భాష నేర్పడం నేరమైన ఆ దేశంలోనే, భాష నేర్చినవారిని గౌరవించే ఈ సంఘం 1931లో వెలసింది.

అది పుట్టింది పెద్ద పేరున్న విశ్వవిద్యాలయంలో కాదు. లాస్ ఏంజిలిస్‌లో 1929లో తెరిచిన రెండేళ్ళ ప్రభుత్వ జూనియర్ కళాశాలలో. అదే తర్వాత లాస్ ఏంజిలిస్ సిటీ కాలేజీ అయింది. అక్కడి భాషా అధ్యాపకులే దీన్ని స్థాపించారు. సభ్యత్వానికి కొలత మార్కులే. వంశం, ఆస్తి అడగరు.

1957లో ఈ సంఘం జాతీయ విదేశీ భాషా వారోత్సవాన్ని ప్రారంభించింది. అదే ఏడాది అక్టోబరులో రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించింది. ఉలిక్కిపడిన అమెరికా 1958లో జాతీయ రక్షణ విద్యాచట్టం తెచ్చి, సైన్సుతో పాటు భాషలకూ డబ్బిచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో మన దేశ భాషల బోధన పెరగడానికి ఆ చట్టం తోడ్పడింది. 1971 నుంచి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వేల్చేరు నారాయణరావుగారు అమెరికన్ విద్యార్థులకు తెలుగు చెప్పారు. వాళ్ళకు మన తెలుగే పరాయి భాష. 'ళ' పలకడానికి వాళ్ళూ తంటాలు పడవలసిందే!

మనకేమిటి?

ఇంగ్లీషు పాఠం వస్తే వెనక బెంచీలో తల దించుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన హాస్టళ్ళలో ఎందరో. కానీ ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే పిల్లలు కూడా మన గదుల్లోనే ఉన్నారు. మూడు భాషలు వచ్చిన నాలుకకు నాలుగోది రాదా?

హైదరాబాదులో 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ ఉంది. ఫ్రెంచి, జర్మన్, రష్యన్, స్పానిష్, జపనీస్, అరబిక్ వంటి భాషల్లో డిగ్రీ చదవవచ్చు. ఇంటర్ తర్వాత ప్రవేశపరీక్ష రాయాలి. రిజర్వేషన్లూ ఉన్నాయి. ఈ సంగతి తెలియకనే ఎంతోమంది ఆ గేటు దాకా పోవడం లేదు.

మన వార్షికోత్సవంలో పరుగుపందేనికీ, పాటకూ, పదో తరగతి ఫస్టుకూ బహుమతులిస్తాం. ఇంకొకటి చేర్చుదాం. జూన్‌లో ఇంగ్లీషు వాక్యం కూడబలుక్కుని, ఫిబ్రవరికి దినపత్రిక చదివి అర్థం చెప్పగలిగినవారికి ఒక బహుమతి. ఖర్చు ఒక నిఘంటువు. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటే ప్రతి హాస్టలుకూ ఒకటి వస్తుంది.

గౌరవం దొరికిన చోట చదువు నిలుస్తుంది. నవ్వినచోట నోరు మూతపడుతుంది. తప్పు మాట్లాడినవారిని చూసి నవ్వకపోవడమే మన సంఘానికి మొదటి నియమం కావాలి.