వాళ్ళ కిటికీ, మా పెరడు



మాది అత్తిలి. పాతికేళ్ళ నాటి డాబా. వెనక పెరడు, అందులో పంపు, పక్కనే స్నానాల గది. తూర్పు వైపు పెంకుటిల్లు పడగొట్టి రెండంతస్తుల ఇల్లు లేపుతున్నారు. ఇంటాయన మా చినమామగారి వరస. తెల్లారి ఐదున్నరకే మిల్లర్ తిప్పేస్తారు. రాత్రి తొమ్మిది దాటినా ఇనుము కోస్తూనే ఉంటారు. పక్షవాతంతో మంచాన ఉన్న మా మామగారు ఆ చప్పుడికి ఉలిక్కిపడి లేస్తున్నారు. మా గోడకి కొత్తగా రెండు పగుళ్ళు కనిపించాయి. అన్నిటికన్నా బాధ, మొదటి అంతస్తు కిటికీలు మా పెరటి వైపే పెడతారట. ఇంకా గోడ లేవలేదు. సెంట్రింగ్ మీద పనివాళ్ళు నిలబడుతున్నారని ఇంటర్ చదివే మా అమ్మాయి పెరట్లో తల ఆరబెట్టుకోవడమే మానేసింది. మా ఆయనేమో "సొంతోళ్ళు, ఏమడుగుతాం" అంటారు. నేనేం చెయ్యాలి?

- ఒక గృహిణి, అత్తిలి

* * *

అమ్మా,

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట "ఇంకా గోడ లేవలేదు" అన్నది. అందుకని కిటికీ సంగతే ముందు చూడండి. ఇటుక పని సాగుతుండగా కిటికీ ఎత్తు మార్చడం మేస్త్రికి ఒక పూట మాట. లింటెల్ పడి ఫ్రేములు బిగించాక అదే మాట పెద్ద ఖర్చు, పైగా పంతం.

కోర్టుకి వెళ్తే కిటికీ మూయించేస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం స్థానిక ఆచారం ఉన్నచోట ఇలాంటి మరుగు హక్కుని ఒప్పుకుంటుంది. పర్దా ఆచారాన్ని చూసి అలహాబాదు హైకోర్టు 1888లో గోకల్ ప్రసాద్ కేసులో అలాగే తీర్పిచ్చింది కూడా. కానీ మన గోదావరి జిల్లాలు అప్పుడు మద్రాసు కింద ఉండేవి. పొరుగువాడు కిటికీ తెరవడం తప్పని మద్రాసు హైకోర్టు అనలేదు. కాబట్టి హక్కని కాదు, వరసని బట్టి అడగాలి. "కిటికీలు వద్దు" అనకండి, ఆ మాటకి ఎవరికైనా కోపం వస్తుంది. మీ పెరటి వైపు, వాళ్ళ గది గచ్చు నుంచి అయిదున్నర అడుగుల పైన వెడల్పు వెంటిలేటర్లు పెట్టమనండి. గాలీ వెలుతురూ వస్తాయి, చూపు కిందికి దిగదు. పెద్ద కిటికీయే కావాలంటే కింది సగం తెరుచుకోని గరుకు అద్దం వేయించమనండి.

ప్రహరీ ఎత్తు పెంచి డబ్బు పారేసుకోకండి. చూపు పైనుంచి వస్తోంది. అడ్డు మీకు ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ ఎత్తు చాలు. పంపు మీద పందిరి వేసి దొండపాదు పాకిస్తే నాలుగు నెలల్లో సగం బాధ తీరుతుంది. అప్పటిదాకా పనివాళ్ళ వైపు పచ్చ వల కట్టమనండి. వల చూపునీ దుమ్మునీ ఆపుతుంది. చప్పుడు మాత్రం దాన్ని లెక్కచెయ్యదు.

చప్పుడు దగ్గర చట్టం మీ వైపే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలకి 2010లో చేసిన సవరణ ప్రకారం, ఇళ్ళ మధ్య రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదు. ఐదున్నరకి మిల్లర్ తిప్పడం చెల్లదు. రాత్రి తొమ్మిదికి ఈ నిషేధం వర్తించదు, అక్కడ మంచి మాటే దిక్కు. ఇనుము కోత పగలు ఒక వేళకి కుదించి వీధి వైపు పెట్టమనండి. టైల్స్ పని వచ్చాక, మీకు దూరపు గదిలో నీళ్ళు పోస్తూ కోయించమనండి. స్లాబు రోజు మాత్రం సర్దుకోండి. కాంక్రీటు పోత మొదలెట్టాక మధ్యలో ఆపితే అతుకు దగ్గర బలం పోతుంది. ఆ రోజు తేదీ ముందే చెప్పమని వాళ్ళని అడిగి, మామగారిని బంధువులింటికి పంపండి. మిగతా రోజుల్లో ఆయన మంచం పడమటి గదిలోకి మార్చి, కోత వేళ కిటికీ రెక్కల సందుల్లో గుడ్డ కుక్కండి. చప్పుడు దూరేది ఎక్కువగా ఆ సందుల్లోంచే.

పగుళ్ళకి వాళ్ళనే తిట్టుకోకండి. మన డెల్టా నల్లమట్టి ఎండకి కుంచించుకుని వానకి ఉబ్బుతుంది, కదలని గోడ అరుదు. ప్రతి పగులు రెండు కొసల్లోనూ పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ వేయండి, ఫొటో తీయండి. గీత దాటి సాగితే ఇంజనీరుని పిలవాలి. ఇరవై ఏళ్ళు దాటి నిలబడ్డ ఇంటికి పక్క నేల ఊతం మీద మామూలుగా హక్కుంటుంది, ఆ రోజు ఆ ఫొటోలు పనికొస్తాయి.

ఇక ఎవరితో మాట్లాడాలంటే, మీ చినత్తగారితో. ఆ ఇంట్లో రోజంతా ఉండేది ఆవిడే. మీ పెరట్లోంచి ఆవిడ గది కూడా కనబడుతుందని చెప్పండి, నవ్వుతూనే. మేస్త్రి ఉన్న వేళ చూసి వెళ్ళండి, చేతిలో చిన్న బొమ్మ గీసి ఉంచుకోండి. మీ ఆయన్ని వెంట తీసుకెళ్ళండి, మాట మీరే అనండి. ఈలోగా పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ప్లాను కాపీ అడగండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మీ వైపు వదలాల్సిన ఖాళీ వదలకపోతే అది కచ్చితంగా అడగదగ్గ విషయం. ఇంత చెప్పాక కూడా ఐదున్నరకే మిల్లర్ మోగితే, 112కి ఫోన్ చెయ్యడానికి మొహమాటపడకండి.