సగటులకి సగటు తీయకండి

మా ఫెస్ట్ వెబ్‌సైట్ లాగ్స్ మీద ఓ క్వెరీ రాసి, "రిజిస్ట్రేషన్ పేజీ బాగానే పనిచేస్తోంది" అని మీటింగ్‌లో ధైర్యంగా చెప్పేశాను. నా మాట నమ్మి ఫారం జోలికి ఎవరూ వెళ్లలేదు. తర్వాత చూస్తే నా లెక్కే తప్పు. మీరు ఆ తప్పు చేయకూడదనే ఈ చిన్న పాఠం.

పేజీ చూసినవాళ్లలో ఎంత శాతం మంది రిజిస్టర్ అయ్యారో అదే కన్వర్షన్ రేటు. రోజువారీ రేటు బాగా ఎగిరిపడుతుంది కాబట్టి, ప్రతి తేదీకీ ఆ రోజుతో కలిపి వెనక్కి 7 రోజులు చూస్తాం. అదే రోలింగ్ రేటు.

నేను రోజువారీ శాతాలకి సగటు తీశాను. చిన్న అంకెలతో చూద్దాం. మొదటి రోజు 10 మంది వచ్చి 5 మంది రిజిస్టర్ అయ్యారు: 50 శాతం. రెండో రోజు 190 మంది వచ్చి 19 మంది అయ్యారు: 10 శాతం. సగటు 30. కానీ ఎవరూ రెండుసార్లు రాలేదనుకుంటే, అసలు లెక్క 200 మందిలో 24 మంది, అంటే 12 శాతమే! గోరంతకీ కొండంతకీ ఒకే ఓటు ఇచ్చానన్నమాట.

పోనీ, ఏ రోజు సంఖ్యలు ఆ రోజువి కూడి చివర్లో భాగిస్తే? అదీ చాలదు. సోమవారం, మంగళవారం రెండు రోజులూ వచ్చిన మనిషి ఆ కూడికలో ఇద్దరైపోతాడు. 7 రోజుల్నీ కలిపి చూసి, మనిషిని ఒక్కసారే లెక్కపెట్టాలి. విండో ఫంక్షన్‌లో కౌంట్ డిస్టింక్ట్‌ని పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. అందుకని ఇలా చేయండి:

1. జెనరేట్ సిరీస్‌తో తేదీల పట్టిక చేయండి. లాగ్ లేని రోజు కూడా అందులో ఉంటుంది.
2. ప్రతి తేదీకీ, 6 రోజుల ముందు నుంచి ఆ రోజు వరకు ఉన్న లాగ్స్‌ని లెఫ్ట్ జాయిన్ చేయండి.
3. తేదీ మీద గ్రూప్ బై చేసి, చూసినవాళ్లకీ రిజిస్టర్ అయినవాళ్లకీ విడివిడిగా కౌంట్ డిస్టింక్ట్ తీయండి.
4. భాగించేముందు 100.0తో గుణించండి. పూర్ణసంఖ్యల్లో 24ని 200తో భాగిస్తే సున్నా వస్తుంది! ఎవరూ రాని రోజుల కోసం నల్లిఫ్ పెట్టండి.

మొదటి 6 తేదీలకి వెనక 7 రోజులు ఉండవు కాబట్టి వాటిని గ్రాఫ్‌లో వేయొద్దు.

లెక్క సరిచేశాక రేటు చాలా తక్కువని తేలింది. ఫారంలో 14 గడులున్నాయి, 4కి తగ్గించాం. అప్పటికి ఫెస్ట్‌కి మిగిలింది 3 రోజులే.