లక్ష్మమ్మ చదివిన బిల్లు

లక్ష్మమ్మది నెల్లూరు జిల్లాలో ఒక మెట్ట పల్లె. ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. చిన్నప్పుడు బడికి పోలేదు. రెండేళ్ళ కిందట చదువు కేంద్రంలో చేరింది. ఇప్పుడు సంతకం చేస్తుంది. బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. పొదుపు సంఘం పాస్‌పుస్తకంలో తన లెక్క తానే చూసుకుంటుంది.

ఆమె చదువు నేర్చుకోవడానికి ఒక కారణం ఉంది. కూతురు సునీత పుట్టిన ఏడు భర్తకు జబ్బు చేసింది. వడ్డీ వ్యాపారి దగ్గర రెండు వేలు అప్పు తెచ్చారు. నూటికి మూడు రూపాయల వడ్డీ. చెవి కమ్మలు తాకట్టు. కాగితంలో ఏం రాసి ఉందో లక్ష్మమ్మకు తెలియదు. "ఇక్కడ వేలు పెట్టు" అన్నాడు. పెట్టింది. రెండేళ్ళు వడ్డీ కడుతూనే ఉంది. అసలు కదల్లేదు. చివరికి కమ్మలు పోయాయి.

సునీత డిగ్రీ పాసయింది. విజయవాడలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. బిల్లుల కౌంటర్‌లో కూర్చుంటుంది. నెలకు 18,000 రూపాయల జీతం. హాస్టలుకు, తిండికి పోగా మిగిలింది ఇంటికి పంపుతుంది. అయితే ఆరు నెలలుగా పంపే డబ్బు తగ్గింది. "ఖర్చులు పెరిగాయమ్మా" అని చెప్పింది.

సంక్రాంతి నాలుగు రోజులుందనగా సునీత ఇంటికి వచ్చింది. అన్నం తిన్నాక లక్ష్మమ్మ ఒక కవరు తెచ్చి ఇచ్చింది.

"పోస్టుమాన్ ఇచ్చిపోయినాడు. నీ పేరుంది. అందుకే తెరవలేదు."

సునీత ముఖం చిన్నబోయింది. "కార్డు బిల్లమ్మా" అంది.

"నా దగ్గరుండే ఏటీఎం కార్డు లాంటిదా?"

"చూడ్డానికి అట్లనే ఉంటుంది. ఇది క్రెడిట్ కార్డు."

లక్ష్మమ్మ కాగితం అందుకుంది. అక్షరాలు ఇంగ్లీషువి. కానీ అంకెలు ఆమెకు తెలిసినవే. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

"పద్దెనిమిది వేల అయిదు వందల అరవై ఏడు. దాని కింద తొమ్మిది వందల ఇరవై ఎనిమిది. ఏందమ్మాయ్ ఈ రెండు లెక్కలు?"

సునీత తల వంచుకుంది. కాసేపటికి అంతా చెప్పింది.

ఆషాఢం డిస్కౌంట్ల రోజులు. బజారులో ఒక పెద్ద షాపు ముందు బల్ల వేసుకుని ఒకతను కార్డులు ఇస్తున్నాడు. "ఫీజు లేదు. ఇప్పుడు కొనుక్కోండి, తర్వాత కట్టండి. ఫోనుకు వచ్చిన నంబరు చెప్తే చాలు" అన్నాడు. సునీత చెప్పింది. కార్డు వచ్చింది. 17,000 పెట్టి ఫోను కొన్నది. అమ్మకు చీర, నాన్నకు బట్టలు 3,000. మొత్తం 20,000.

మొదటి బిల్లులో రెండు లెక్కలు ఉన్నాయి. మొత్తం బాకీ 20,000. కనీసం కట్టవలసింది 1,000. వెయ్యి కడితే ఆ నెలకు చాలు అనుకుంది. అప్పటినుంచి నెలనెలా వెయ్యి తప్పకుండా కట్టింది.

"ఆరు నెలలు కట్టినానమ్మా. ఆరు వేలు. అయినా బాకీ ఇంకా పద్దెనిమిది వేల పైనే చూపిస్తా ఉంది. ఎవరికి చెప్పాలన్నా సిగ్గేసింది."

"ఫోనుకు వచ్చిన నంబరంటే ఏంది?"

"ఓటీపీ. అది చెప్తే నేను ఒప్పుకున్నట్టు."

"అంటే వేలిముద్ర. ఒప్పుకునే ముందు కాగితం చదివినావా?"

"చాలా పేజీలుండాయి. చదవలేదు."

లక్ష్మమ్మ చెయ్యి తన చెవి మీదికి పోయింది. కూతుర్ని తిట్టలేదు. "పలక తే. లెక్క వేద్దాం" అంది.

రెండు కార్డులు – రెండు రకాలు

ఏటీఎం కార్డుతో తీసేది మన ఖాతాలో మనం దాచుకున్న డబ్బు. అది మన కుండలో నీళ్ళు మనం ముంచుకోవడం. కుండ ఖాళీ అయితే నీళ్ళు రావు.

క్రెడిట్ కార్డుతో వాడేది బ్యాంకు డబ్బు. అంటే అప్పు. ఎంతవరకు వాడవచ్చో బ్యాంకు ఒక హద్దు పెడుతుంది. ఆ హద్దు మన ఆదాయం కాదు. అది మనం చేయగల అప్పు.

బ్యాంకు నెలకొకసారి బిల్లు పంపుతుంది. కట్టడానికి రెండు మూడు వారాల గడువు ఉంటుంది. గడువు లోపల మొత్తం బాకీ కడితే కొన్న సరుకుల మీద వడ్డీ లేదు. ఒక్క రూపాయి తగ్గించి కట్టినా వడ్డీ మొదలవుతుంది. కొత్తగా కొన్నవాటికి కూడా ఆ వడ్డీలేని గడువు ఉండదు.

చాలా కార్డుల మీద వడ్డీ నూటికి నెలకు మూడు నుంచి మూడు ముప్పావు రూపాయల దాకా ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పన్ను కూడా పడుతుంది.

లక్ష్మమ్మ వేసిన లెక్క

సునీత కార్డుకు మూడున్నర రూపాయల వడ్డీ. లక్ష్మమ్మ పలక మీద ఇట్లా రాసింది.

మొత్తం బాకీ – 20,000
కట్టింది – 1,000
మిగిలింది – 19,000
ఒక నెల వడ్డీ – 665
వడ్డీ మీద పన్ను – 120
మళ్ళీ బాకీ – 19,785

వెయ్యి రూపాయలు కట్టింది. అందులో 785 రూపాయలు వడ్డీకి, పన్నుకే పోయాయి. అప్పు తగ్గింది 215 రూపాయలు.

ఇదే తీరున ఆరు నెలలు సాగింది. కట్టింది 6,000. అప్పు తగ్గింది 1,433 రూపాయలు మాత్రమే. (లెక్క తేలికగా ఉండడానికి తేదీల తేడా ఇక్కడ వదిలేయడమైనది. బ్యాంకు కొన్న రోజు నుంచే వడ్డీ కడుతుంది. కాబట్టి అసలు బిల్లులో ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.)

"నాకు కాగితం మీద వేలు పెట్టమన్నవాడు మూడు రూపాయలే తీసుకున్నాడు. వీళ్ళది మూడున్నర" అంది లక్ష్మమ్మ.

సునీత బిల్లు చివర చిన్న అక్షరాలు చూసింది. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే అప్పు తీరడానికి నెలలు, ఏళ్ళు పడుతుందని, వడ్డీ మీద వడ్డీ పడుతుందని అక్కడ ఉంది. ఈ హెచ్చరిక ప్రతి బిల్లు మీదా వేయాలని రిజర్వు బ్యాంకు నియమం. రోజంతా ఊరివాళ్ళ బిల్లులు రాసే సునీత తన బిల్లు మాత్రం చివరిదాకా చదవలేదు.

"ఈ కార్డు ఇప్పుడే కత్తిరించి పారేస్తానమ్మా" అంది సునీత.

"కార్డు కత్తిరిస్తే అప్పు తెగుతుందా? ముందు బాకీ తీరే దారి చూద్దాం."

సంఘంలో

మర్నాడు పొదుపు సంఘం మీటింగు. లక్ష్మమ్మ కూతుర్ని వెంట తీసుకుపోయింది. పదిహేను వేలు అప్పు కావాలని అడిగింది. సంఘంలో నూటికి ఒక రూపాయి వడ్డీ.

చెంచమ్మ లేచింది. "లక్ష్మమ్మక్కా, నేను మేకలకని మూడు వారాల నుంచి అడగతా ఉండాను. టౌనులో ఫోను కొన్నదానికి మన డబ్బులు ఇయ్యాల్నా?"

ఎవరూ మాట్లాడలేదు. చెంచమ్మ మాటలో న్యాయం ఉంది.

లక్ష్మమ్మ అంది: "చెంచమ్మ ముందు అడిగింది. ఆమెకే ముందు ఇయ్యండి. ఈ బిల్లుకు గడువు జనవరి 24. వచ్చే వారం వాయిదాలు వసూలయినాక నాకు ఇస్తే చాలు. పుస్తకంలో సంతకం నాది. నా బిడ్డ కట్టకపోతే నేను కడతాను."

సునీత బిల్లు తీసి అందరి ముందూ చదివింది. ఎంత కొన్నదీ, ఎంత కట్టిందీ, ఎంత మిగిలిందీ దాచకుండా చెప్పింది. గొంతు వణికింది. అయినా ఆపలేదు.

సంఘం లీడరు రమణమ్మ అడిగింది. "మావాడికి కూడా కంపెనీవాళ్ళు కార్డు ఇస్తామని ఫోను చేస్తా ఉండారు. తీసుకోవచ్చునా?"

"తీసుకోవచ్చు పిన్నీ. నెల చివర మొత్తం కట్టగలిగినంతే వాడాలి. నేను అది చెయ్యలేదు."

ఆ రోజు చెంచమ్మకు 20,000 ఇచ్చారు. మరుసటి వారం లక్ష్మమ్మకు 15,000 ఇచ్చారు. పండగ బట్టలకని తెచ్చిన డబ్బులో సునీత 3,567 తీసింది. ఆ సంక్రాంతికి ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు లేవు. కార్డు బాకీ మొత్తం తీరింది. బిల్లు తయారైన రోజు నుంచి కట్టిన రోజు దాకా వడ్డీ తర్వాతి బిల్లులో వచ్చింది. అది కూడా సునీత ఒక్కసారే కట్టేసింది.

సంఘం అప్పు పది నెలల్లో తీరాలి. నెలకు 1,500 అసలు. మొదటి నెల వడ్డీ 150. రెండో నెల 135. అట్లా తగ్గుతూ పది నెలలకు కలిపి వడ్డీ 825 రూపాయలు. కార్డు వడ్డీ, పన్ను ఒక్క నెలకే 785 అని మనం ముందు చూశాం.

సునీత నెలనెలా డబ్బు పంపింది. కార్తీకమాసంలో చివరి వాయిదా తీరింది. బ్యాంకుకు చెప్పి కార్డు హద్దు 10,000కు తగ్గించుకుంది. ఇప్పుడు ఆ కార్డుతో ఇంటికి వచ్చే బస్సు టిక్కెట్టు, ఫోను రీచార్జి మాత్రమే కొంటుంది. బిల్లు రాగానే అమ్మకు ఫోను చేస్తుంది.

"మొత్తం ఎంత?" అని లక్ష్మమ్మ అడుగుతుంది. "కనీసం ఎంత?" అని ఎప్పుడూ అడగదు.

మన పిల్లలకు చెప్పవలసిన జాగ్రత్తలు

1. క్రెడిట్ కార్డు అంటే అప్పు. చేతిలో లేని డబ్బుతో కొనే ముందు, ఎప్పుడు ఎట్లా కడతామో అనుకోవాలి.

2. బిల్లులో మొత్తం బాకీ చూడాలి. గడువు లోపల అంతా కట్టాలి. కనీస మొత్తం కడితే ఆలస్యపు రుసుం తప్పుతుంది. వడ్డీ తప్పదు.

3. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయకూడదు. దానికి మొదటి రోజు నుంచే వడ్డీ, పైన రుసుం.

4. రూపే క్రెడిట్ కార్డును ఫోనులో యూపీఐకి జత చేసే వీలు 2022లో వచ్చింది. అట్లా జత చేస్తే టీ కొట్టు దగ్గర చేసిన ఖర్చు కూడా అప్పు కావచ్చు. డబ్బు దేనిలోంచి పోతున్నదో చూసి నొక్కాలి.

5. "ఫీజు లేదు" అన్నప్పుడు, మొదటి ఏడాదికా, ఎప్పటికీనా అని అడగాలి. జవాబు కాగితం మీద చూడాలి.

6. ఓటీపీ చెప్పడం వేలిముద్ర వేయడమే. ఫోనులో అడిగినవారికి చెప్పకూడదు. మోసం జరిగితే వెంటనే బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోను చేయాలి.

7. సకాలంలో కడితే మంచి పేరు వస్తుంది. మన సంఘం పుస్తకాలు చూసి బ్యాంకు అప్పు ఇచ్చినట్టే, సిబిల్ వంటి సంస్థలు ప్రతి మనిషి అప్పుల లెక్క రాస్తాయి. 300 నుంచి 900 దాకా మార్కులు వేస్తాయి. మార్కులు తగ్గితే రేపు ఇంటికి, చదువుకు అప్పు పుట్టడం కష్టం. ఈ లెక్కను ఏడాదికి ఒకసారి ఉచితంగా చూసుకోవచ్చు.

నియమాలు ఏమంటున్నాయి?

క్రెడిట్ కార్డుల మీద రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశాలు ఇచ్చింది. అడగనివారికి కార్డు ఇవ్వరాదు. బాకీ లేనివారు కార్డు మూసేయమని కోరితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకు చెల్లించాలి.

బ్యాంకుకు ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. సమాచారం కోసం 14448 నంబరుకు ఫోను చేయవచ్చు.

వడ్డీ సంగతి వేరు. గడువు దాటిన కార్డు బాకీ మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ తీసుకోవడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది. కాబట్టి ఆ 30 శాతం హద్దు ఇప్పుడు లేదు. మన హద్దు మనమే పెట్టుకోవాలి.

కొత్త మాటలు

క్రెడిట్ – అప్పు
కనీస మొత్తం – ఆ నెల తప్పనిసరిగా కట్టవలసిన తక్కువ మొత్తం
గడువు – కట్టడానికి ఇచ్చిన చివరి రోజు
రుసుం – ఫీజు
అంబుడ్స్‌మన్ – ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి

ప్రశ్నలు

1. లక్ష్మమ్మ కమ్మలు ఎందుకు పోయాయి?
2. సునీత నెలనెలా డబ్బు కట్టినా అప్పు ఎందుకు తీరలేదు?
3. ఓటీపీని లక్ష్మమ్మ దేనితో పోల్చింది? ఎందుకు?

లెక్క చేయండి

10,000 రూపాయల బాకీకి మూడున్నర రూపాయల వడ్డీతో ఒక నెల వడ్డీ ఎంత? ఒక రూపాయి వడ్డీతో ఎంత? తేడా ఎంత?

చర్చించండి

చెంచమ్మ అడిగింది న్యాయమేనా? మీ సంఘంలో అయితే ఏం చేసేవారు? మీ ఇంట్లో పిల్లలకు కార్డు ఉంటే, ఈ నెల బిల్లు అడిగి తీసుకోండి. అందులో మొత్తం బాకీ ఎక్కడుందో మీరే వేలు పెట్టి చూపించండి.