టాస్ పడేసరికి స్టవ్ ఆరిపోవాలి

మా మేనకోడలు ఈమధ్యే కొత్త ఫ్లాట్‌లోకి మారింది. గోడ నిండా టీవీ పెట్టించారు. వచ్చే మ్యాచ్‌కి పదిమందిని పిలుద్దామనుకుంటున్నామని, "అత్తా, నువ్వు ఇన్నేళ్లుగా చేస్తున్నావు కదా, ఏమేం చూసుకోవాలో చెప్పవూ" అంది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతుందని రాసి ఇస్తున్నాను.

1. ముందు వంటింటి సంగతి చూడు. మ్యాచ్‌కి పిలిచామంటే అందరం కలిసి చూడాలి, ఆ అందరిలో ఇంటి ఆడవాళ్లూ ఉండాలి. 1983 జూన్ 25న లార్డ్స్‌లో వరల్డ్ కప్ ఫైనల్. నల్లకుంటలో మా వీధిలో టీవీ ఉన్న ఇళ్లు తక్కువ కావడంతో చుట్టుపక్కల వాళ్లంతా మా హాల్లోనే ఉన్నారు. మనవాళ్లు 183కే ఆలౌటయ్యారు. మదన్‌లాల్ బౌలింగ్‌లో రిచర్డ్స్ గాల్లోకి లేపిన బంతిని కపిల్‌దేవ్ వెనక్కి పరిగెత్తి పట్టుకున్నాడు. హాల్లో ఉన్నవాళ్లు దాన్ని చూశారు. మా అత్తగారూ తోడికోడలూ నేనూ పూరీలు వత్తుతూ వాళ్ల కేకలు విన్నాం. గుమ్మం దాకా వచ్చి "ఎవరు అవుటయ్యారు?" అని అడిగితే జవాబు చెప్పే తీరిక ఒక్కరికీ లేదు. 43 పరుగులతో గెలిచిన ఆ మ్యాచ్‌లో నేను కళ్లారా చూసింది చివరి కాసిన్ని బంతులే. ఆ వెలితి నాకు ఇప్పటికీ ఉంది. ఇంటి పెత్తనం నా చేతికొచ్చాక పెట్టిన మొదటి నియమం ఒకటే: టాస్ పడేసరికి స్టవ్ ఆరిపోవాలి.

2. అందుకని పొద్దున చేసి పెట్టుకోగలిగినవే వండు. చింతపండు పులిహోర పొద్దున కలిపితే సాయంత్రానికి పులుపు బాగా పట్టి ఇంకా రుచిగా ఉంటుంది. దద్దోజనంలో పాలు ఎక్కువ పోసి, తోడుకి సరిపడా పెరుగు మాత్రమే కలుపు, రాత్రికి పులవకుండా కమ్మగా ఉంటుంది. పచ్చి వేరుశెనగకాయలు ఉప్పేసి కుక్కర్‌లో ఉడికించి వార్చేస్తే గిన్నెడు పెట్టినా క్షణాల్లో ఖాళీ అవుతాయి. తొక్కలకి వేరే పళ్లెం పెట్టడం మర్చిపోకు.

మిరపకాయ బజ్జీ లేకపోతే మ్యాచ్ చూసినట్టే ఉండదంటారు మీ ఆయన. దానికీ దారి ఉంది. బజ్జీ మిరపకాయలకి నిలువునా గాటు పెట్టి, గింజలు తీసి, చింతపండు గుజ్జులో వాము, ఉప్పు కలిపి లోపల పూయి. శనగపిండిని కాయకి అంటుకునేంత చిక్కగా కలిపి, మధ్యాహ్నమే ఒకసారి వేయించు. పిండి గట్టిపడగానే, రంగు తిరగకముందే తీసెయ్యాలి. జల్లెడలో విడివిడిగా పరువు, మూత పెట్టావంటే ఆవిరికి మెత్తబడిపోతాయి. ఇన్నింగ్స్ విరామంలో నూనె బాగా కాగనిచ్చి మళ్లీ వేస్తే నిమిషంలో ఎర్రగా, కరకరలాడుతూ వస్తాయి. టీ20 అయితే విరామం 20 నిమిషాలు. రెండు మూడు వాయిలకి అది సరిపోతుంది. ఆ వాయిలు మీ ఆయనా ఆయన స్నేహితులూ వెయ్యాలి. నువ్వు ఉల్లిపాయలు కూడా తరగొద్దు.

3. మ్యాచ్ ఎంతసేపు సాగుతుందో ముందే అనుకోకు. 2023 సెప్టెంబర్ 17న ఆసియా కప్ ఫైనల్ కొలంబోలో. మర్నాడు వినాయక చవితి కాబట్టి ఇంట్లో పత్రి, బెల్లం, బియ్యప్పిండి అన్నీ సర్దుకునే హడావుడి. వన్డే కదా, రాత్రి దాకా ఉంటుందని భోజనాలకి పిలిచిన వాళ్లున్నారు. మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ ఒక్క ఓవర్లోనే నాలుగు వికెట్లు పడగొట్టాడు. 21 పరుగులిచ్చి మొత్తం ఆరు తీశాడు. శ్రీలంక 50కి ఆలౌట్. మనవాళ్లు 6.1 ఓవర్లలో కొట్టేశారు. భోజనాల వేళకి ముందే అంతా అయిపోయింది. అందుకే తినేవి మొదటి బంతికే అందుబాటులో ఉండాలి, రాత్రి భోజనం అనేదాన్ని మ్యాచ్‌తో ముడిపెట్టకూడదు.

4. పిలిచే ముందు క్యాలెండర్ చూడు. 2023 నవంబర్ 19 వరల్డ్ కప్ ఫైనల్ కార్తీకమాసంలో వచ్చింది. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టని వాళ్లు ఇంట్లో ఉన్నప్పుడు బిర్యానీ ఒక్కటే తెప్పిస్తే వాళ్లు అటుకులతో సరిపెట్టుకోవాలి. 2025 మార్చి 9న ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ రంజాన్ నెలలో, మధ్యాహ్నం రెండున్నరకి మొదలైంది. ఉపవాసంలో ఉన్న స్నేహితుల్ని పిలిచినప్పుడు ఇఫ్తార్ వేళ ముందే కనుక్కుని ఖర్జూరాలు, కోసిన పళ్లు, చల్లటి నీళ్లు సిద్ధంగా పెట్టాలి. నమాజుకి ఒక గది ఖాళీ చేసి ఉంచాలి. మిగతావాళ్లు ఆ సాయంత్రం దాకా వాళ్ల ఎదుట పళ్లేలకి పళ్లేలు లాగించకుండా కాస్త ఆగితే పోయేదేమీ లేదు.

5. యాప్‌లో వచ్చే మ్యాచ్ వెనకబడి వస్తుంది. వీడియోని చిన్నచిన్న ముక్కలుగా చేసి, కొంత కూడబెట్టుకున్నాకే చూపిస్తుంది కాబట్టి కేబుల్ ఉన్న పక్కింట్లో ముందే కేకలు వినపడతాయి. 2024 జూన్ 29 టీ20 వరల్డ్ కప్ ఫైనల్లో, బ్రిడ్జ్‌టౌన్‌లో చివరి ఓవర్ మొదటి బంతికి మిల్లర్ కొట్టింది సిక్సో, బౌండరీ దగ్గర సూర్యకుమార్ చేతికి చిక్కిందో తెలియాల్సిన ఆ క్షణం పక్కింటి వాళ్ల వల్ల తెలిస్తే ఏం బాగుంటుంది? కేబులో డిష్షో ఉంటే అందులోనే పెట్టు. జోరు వానకి డిష్ సిగ్నల్ పోతుంది గనక యాప్‌ని అక్కరకి ఉంచుకో. ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించు, స్కోరు మెసేజ్‌లు కూడా ముందే చెప్పేస్తాయి. టీవీతో పాటు సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటర్ కూడా ఇన్వర్టర్ లైన్ మీద ఉన్నాయో లేదో ముందురోజే ఎలక్ట్రీషియన్ చేత చూపించు.

6. పిల్లలకి ముందు చాప, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి చేతులున్న కుర్చీలు.

7. పందెం మాట ఇంట్లో వినపడకూడదు. వంద రూపాయలైనా సరే, సరదాకైనా సరే. పిల్లలు చూస్తూ నేర్చుకుంటారు. బెట్టింగ్ అప్పుల్లో కూరుకుపోయిన కుర్రాళ్ల ఇళ్లు నేను చూశాను. ఇందులో మొహమాటపడకు, ఎంత దగ్గరివాళ్లయినా లేచి వెళ్లమను.

8. అమ్మాయిల మ్యాచ్‌కీ ఇంతే ఆర్భాటంగా పిలువు. 2025 నవంబర్ 2, నవీ ముంబైలో వరల్డ్ కప్ ఫైనల్. ఆ రోజు క్షీరాబ్ది ద్వాదశి. వాన వల్ల ఆట ఆలస్యంగా మొదలైంది. ఆడవాళ్లం తులసికోట దగ్గర దీపాలు పెట్టి, ప్రసాదం గిన్నెలతోనే టీవీ ముందుకొచ్చి కూర్చున్నాం. షఫాలీ 87 కొట్టింది. మన కడప జిల్లా పిల్ల శ్రీ చరణి బంతి అందుకోగానే హాలంతా సర్దుకు కూర్చుంది. దీప్తి ఐదో వికెట్ తీసినప్పుడు హర్మన్‌ప్రీత్ వెనక్కి పరిగెత్తి పట్టిన క్యాచ్‌ని ఇంట్లో అందరం కలిసి చూశాం. ఆ రాత్రి మంచినీళ్లు మగవాళ్లే తెచ్చిచ్చారు. క్రికెట్ అంటే విసుక్కునే మా పనమ్మాయి కూతురు ఆ మర్నాడే నా దగ్గరికొచ్చి, బ్యాటు ఎంత ఉంటుందని అడిగింది.

9. ఓడిన రోజు ఇల్లు పట్టడం కష్టం. అహ్మదాబాద్‌లో ఆ 2023 వరల్డ్ కప్ ఫైనల్లో హెడ్ 137 కొట్టి కప్పు పట్టుకుపోయిన రాత్రి మా ఇంట్లో పిల్లలు ఏడ్చారు. ఏడవనివ్వు. ఆటగాళ్లనీ వాళ్ల ఇంటివాళ్లనీ తిట్టడం మాత్రం మొదట్లోనే ఆపెయ్. అవతలివాడి సెంచరీకి మన హాల్లో చప్పట్లు పడాలి, ముందు నువ్వు కొట్టు. తర్వాత అందరికీ దద్దోజనం పెట్టు, ఖాళీ కడుపుతో ఎవరినీ పంపకు. కప్పు ఇచ్చేలోపు గిన్నెలు సింకులోకి చేరాలి, కడిగేది వచ్చినవాళ్లూ మీ ఆయనా. బండ్లమీద వచ్చిన కుర్రాళ్లు అర్ధరాత్రి రోడ్ల మీద హారన్లు కొట్టుకుంటూ తిరగకుండా నేరుగా ఇళ్లకి వెళ్లమని చెప్పి, చేరాక ఫోన్ చెయ్యమను. మిగిలిన పులిహోర డబ్బాల్లో సర్ది వాచ్‌మన్ ఇంటికి ఆ రాత్రే పంపించు.