తట్టిన క్షణం – అంతకు ముందు రోజులు



పాత వరంగల్ జిల్లా బమ్మెర (ఇప్పుడు జనగామ జిల్లా) పోతన కథ మీరంతా విన్నదే. 15వ శతాబ్దం నాటి కవి. భాగవతం తెనిగిస్తూ గజేంద్ర మోక్షంలో వైకుంఠాన్ని వర్ణించే పద్యం దగ్గర ఆగిపోయాడట. ఎంతకీ సాగలేదు. తాటాకులు కూతురికిచ్చి బయటికి పోయిండు. తిరిగొచ్చి చూస్తే పద్యం పూర్తయి ఉంది. "ఎవరు రాసిండ్రు బిడ్డా?" అంటే, "నువ్వే గదా నాయినా, ఇప్పుడే వచ్చి రాసి పోతివి" అన్నదట. రాముడే తన రూపంలో వచ్చి రాశాడని పోతన మురిసిపోయాడని చెప్తారు. ఇది జనం చెప్పుకునే కథ. తనచేత పలికించేది రాముడేనని మాత్రం పోతన భాగవతం మొదట్లో తానే రాసుకున్నాడు.

ఆర్కిమెడిస్ కథ సైన్సు సార్ చెప్పిందే. స్నానపు తొట్టిలో దిగి, "యురేకా" అంటూ బట్టల్లేకుండా ఉరికిండు! దీన్ని రాసిన విట్రూవియస్ అనే రోమన్ సుమారు 200 ఏండ్ల తర్వాతివాడు. ఉరికిండో లేదో గాని లెక్క నిజం. కిలో బంగారం ముంచితే దాదాపు 52 మిల్లీలీటర్ల నీళ్ళు పొర్లుతాయి, కిలో వెండికి 95. కిరీటంలో వెండి కలిపితే దొరికిపోవుడే.

ఫ్రెంచి గణితజ్ఞుడు పాయింకేర్ సంగతి వేరు, తన కథ తానే చెప్పాడు. ఒక విషయం మీద 15 రోజులు రోజూ కూర్చున్నా ఫలితం రాలేదట. తర్వాత ఒక ప్రయాణంలో, గుర్రపు బండి మెట్టు మీద కాలు పెడుతుండగా అందులోనే కొత్త సంగతి తట్టిందట. మనకు మెట్టు యాదికుంటది, 15 రోజులు యాదికుండవు. పోతన కూడా సగం పద్యం రాసినంకనే ఆగిండు గదా!

నా సంగతి చెప్తా, నవ్వొద్దు. కోణ సమద్విఖండన రేఖ సిద్ధాంతం రుజువు పుస్తకం చూడకుండా చేద్దామని మూడు రాత్రులు స్టడీ అవర్‌లో కూర్చున్న. రాలే. నాది మొద్దు బుర్ర, ట్రంకు పెట్టె సర్దుకొని ఇంటికి పోదామనుకున్న. నాలుగో రోజు నల్లా దగ్గర కంచం కడుగుతుంటే తట్టింది: బొమ్మలో లేని గీత ఒకటి, ఆ రేఖకు సమాంతరంగా, త్రిభుజం బయటికి మనమే గీయాలె! గీస్తే రెండు కోణాలు సమానమై, మిగతాదంతా థేల్స్ సిద్ధాంతమే.

మొన్న ఒక తమ్ముడు అదే ట్రంకు పెట్టె మాట అంటుంటే విన్న. అందుకే ఇది రాసిన. తమ్ముడూ, నీకో లెక్క: ఒకే బరువున్న ఇనుప తాళం, గుండ్రాయి నిండు బకెట్‌లో ముంచితే ఏది ఎక్కువ నీళ్ళు పొర్లిస్తుంది? ఎందుకు? జవాబు రాసిన కాగితం ఈ గోడపత్రిక కింద అంటించు. తొందరేం లేదు.